చేత్తో చేసే గ్రీటింగు కార్డులు: అపోహలు - వాస్తవాలు

స్టాంపు వేస్తే ఇంకు పాకుతుంది. మడత దగ్గర అట్ట చిట్లుతుంది. జిగురు ఆరేసరికి కార్డు విల్లులా వంగుతుంది. చేత్తో కార్డులు చేసేవాళ్ళకు మొదట్లో ఎదురయ్యేవి దాదాపు ఈ మూడే. మూడింటికీ "నా చేతికి పని రాదు" అని సర్దుకుని వదిలేస్తారు. చేతిలో లోపమేమీ ఉండదు. అట్ట, ఇంకు, జిగురు ఒకదానికొకటి పొసగకపోవడం, అవి మన సీమ ఎండకు ఎలా మారతాయో తెలియకపోవడం వల్లే ఇవన్నీ వస్తాయి. అనంతపురం దేశంలోనే వాన అతి తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పనికొచ్చే సలహా ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం పనికిరాకపోవచ్చు.

అపోహ: అట్ట ఎంత మందంగా ఉంటే కార్డు అంత బాగుంటుంది

వాస్తవం: కార్డు నిలబడటానికి 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు అట్ట బరువు, గ్రాముల్లో) అట్ట చాలు. అంతకు మించితే చేత్తో మడత సరిగా పడదు, తపాలా బరువు కూడా పెరుగుతుంది. మడత మీద నిలబడాల్సింది అడుగు అట్ట ఒక్కటే. పైన అతికేవి 160 నుంచి 200 జీఎస్ఎం ఉంటే సరిపోతుంది.

కొలతలు ఇలా పెట్టుకోండి. ఏ4 అట్టను అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఒక్కోటి 148×210 మి.మీ. వస్తుంది. దాన్ని మడిస్తే 105×148 కార్డు. దాని మీద రంగు అట్ట 99×142, ఆపైన స్టాంపు వేసే తెల్ల అట్ట 93×136. అన్ని వైపులా 3 మి.మీ. అంచు సమానంగా కనపడుతుంది. కవరు 114×162 ఉన్న సీ6 సైజు తీసుకోండి.

అపోహ: మడత చిట్లిందంటే అట్ట నాసిరకం

వాస్తవం: మంచి అట్ట కూడా అడ్డం మడిస్తే చిట్లుతుంది. కాగితంలో నార అంతా దాదాపు ఒకే వైపు పడుకుని ఉంటుంది. ప్రెస్సువాళ్ళు దీన్నే గ్రెయిన్ అంటారు. నార వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, నారకు అడ్డంగా మడిస్తే నార తెగి అంచు పీచులా లేస్తుంది.

ఏ4 ప్యాకెట్లలో నార ఎక్కువగా పొడుగు వైపే ఉంటుంది. అందుకే పైన చెప్పినట్టు అడ్డంగా కోసి మడిస్తే మడత నార వెంబడే పడుతుంది. అదే ఏ4ను నిలువునా 105×297 పట్టీలుగా కోసి మధ్యకు మడిచినా వచ్చేది 105×148 కార్డే, కానీ మడత నారకు అడ్డంగా పడుతుంది. సైజు ఒకటే అయినా ఒకరి కార్డు నున్నగా, ఇంకొకరిది చిట్లి ఉండటానికి కారణం ఇదే. పెద్ద షీటు కొని అంగడిలోనే కోయించుకుంటే నార ఎటు ఉందో ముందే చూసుకోవాలి. షీటును మడవకుండా రెండు వైపులా వంచి చూడండి. సులువుగా వంగినప్పుడు మడత గీత ఏ వైపు పడేదో నార అటే. అనుమానం తీరకపోతే చిన్న ముక్కకు ఒక వైపు నీళ్ళు రాయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడుగే నార దిశ.

మడిచే ముందు గీటు పెట్టడం తప్పనిసరి. ఇంకు అయిపోయిన బాల్ పెన్, స్టీలు స్కేలు చాలు. ఒకేసారి బలంగా కాకుండా రెండు మూడు సార్లు తేలిగ్గా గీయండి. గీటుకు అవతలి వైపు సన్నగా ఉబ్బు లేస్తుంది. ఆ ఉబ్బు మడత లోపలికి రావాలి. చాలామంది గీటు గుంట లోపలికి వచ్చేలా మడుస్తారు, అప్పుడు బయటి పొర ఎక్కువ సాగి చిట్లుతుంది. మడిచాక పైన ఒక తెల్లకాగితం వేసి స్పూను వెనక వైపుతో నొక్కండి. కాగితం వేయకపోతే అట్ట మీద మెరుపు చార పడుతుంది.

ఎండాకాలంలో ఇంకో సంగతి. పొడిగాలికి అట్టలోని తేమ పోయి పెళుసుబారుతుంది. ప్యాకెట్టు విప్పాక ప్లాస్టిక్ కవరులోనే ఉంచి, మడతలు పొద్దున పూట వేసుకోండి. కూలర్ గాలికి ఎదురుగా మాత్రం అట్టలు పెట్టకండి. తడిగాలి ఒక వైపే తగిలి అలలు అలలుగా ఉబ్బుతాయి.

అపోహ: ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఉంటే చాలు, ఇంకులన్నీ ఒకటే

వాస్తవం: ఎక్కువ కార్డులు పాడయ్యేది ఇక్కడే. ఆఫీసు ప్యాడ్ ఊరికే ఎండిపోకూడదని అందులో గ్లిసరిన్, గ్లైకాల్ లాంటివి కలుపుతారు. రిజిస్టరు కాగితం మీద ముద్ర వేయడానికి అది బాగుంటుంది. మెత్తటి డ్రాయింగ్ షీటు మీద వేస్తే నార వెంట పాకి, గీత చుట్టూ నూగు లేచినట్టు కనపడుతుంది.

కార్డులకు వాడే ఇంకులు ముఖ్యంగా మూడు రకాలు. డై ఇంకు అట్టలోకి ఇంకి త్వరగా ఆరుతుంది, కానీ వెలుతురుకు వెలిసిపోతుంది. ఎండ పడే గోడకు తగిలించే కార్డుకు ఇది వద్దు. పిగ్మెంటు ఇంకు చిక్కగా అట్ట పైనే నిలుస్తుంది. రంగు చాలాకాలం ఉంటుంది, ఆరడం మాత్రం నిదానం. నున్నటి ఆర్ట్ పేపరు మీద గంటలు గడిచినా వేలికి అంటుతూనే ఉంటుంది. మూడోది సాల్వెంటు ఇంకు. ఇది ప్లాస్టిక్, రేకు కాగితం, లామినేషన్ అట్ట మీద కూడా నిలుస్తుంది.

స్టాంపు వేసిన బొమ్మకు రంగులు వేయాలంటే రంగుకు తగ్గ ఇంకు ఎంచుకోవాలి. వాటర్ కలర్ వేసేటట్టయితే నీటికి కరగని ఇంకే వాడాలి, లేకపోతే కుంచె తగలగానే నల్ల గీతలు కరిగి బొమ్మంతా బూడిద రంగు అవుతుంది. ఆల్కహాలు మార్కర్లు వాడితే సాల్వెంటు ఇంకు వద్దు, మార్కరు దాన్ని కరిగించేస్తుంది. ఏ ఇంకయినా అదే అట్ట ముక్క మీద ఒకసారి వేసి, ఆరాక తడి కుంచె గీసి చూసి, తర్వాతే అసలు కార్డు మీదకు వెళ్ళండి.

ఇంట్లో పాత పెండ్లి పత్రికలుంటే వాటి అట్ట పారేయకండి, పై పొరలకు బాగా పనికొస్తుంది. ఒక నీటి చుక్క వేయండి. ఇంకిపోతే స్టాంపు పడుతుంది. చుక్క ముత్యంలా నిలబడిందంటే లామినేషన్ ఉన్నట్టు, దాన్ని పూలు, ఆకులు కత్తిరించడానికి వాడుకోండి.

అపోహ: గట్టిగా ఒత్తితేనే స్టాంపు బాగా పడుతుంది

వాస్తవం: గట్టిగా ఒత్తితే రబ్బరు నలిగి గీతలు లావవుతాయి, రబ్బరు అంచు కూడా అంటి చుట్టూ మరక పడుతుంది. ముద్ర సగం పడటానికి అసలు కారణం అడుగున బల్ల ఎగుడుదిగుడుగా ఉండటం. మన ఇండ్లలో కడప బండ లేని వంటగట్టు, అలమర తక్కువ. పాలిష్ పట్టిన బండ మీద నాలుగైదు పొరల న్యూస్ పేపరు వేసి స్టాంపు వేయండి. కింద గట్టితనం, పైన కొద్దిపాటి మెత్తదనం రెండూ దొరుకుతాయి. పాలిష్ లేని గరుకు బండ మీద మాత్రం దాని చారలన్నీ ముద్రలో తేలతాయి.

పెద్ద స్టాంపును ప్యాడ్ మీద అద్దడం కన్నా, స్టాంపును తిప్పి పట్టుకుని ప్యాడ్‌తోనే దాని మీద తేలిగ్గా తట్టండి. ఇంకు సమానంగా పడుతుంది. నిలబడి, తిన్నగా నొక్కి, ఊపకుండా తిన్నగా పైకెత్తండి. కొత్త స్టాంపు మొదట్లో చుక్కలు చుక్కలుగా పడితే చెడ్డదనుకోవద్దు. అచ్చు నుంచి తీసేటప్పటి జిడ్డు పైన ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, సబ్బునీళ్ళతో కడిగితే ఇంకు పడుతుంది.

అపోహ: తెలుగు అక్షరాలు స్టాంపులో రావు

వాస్తవం: వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకు పెట్టే సైజే తెలుగుకు పెట్టడం వల్ల చెడతాయి. "శుభాకాంక్షలు" అనే మాట దగ్గరగా చూడండి. భ కింద చిన్న గీత ఉంది. స్టాంపు చిన్నదై ఆ గీత పడకపోతే అది "శుబాకాంక్షలు" అయి కూర్చుంటుంది. క్ష లోపలి సందులు ఇంకుతో నిండితే నల్ల ముద్దయిపోతుంది. "జన్మదిన"లో న కింది మ ఒత్తు తర్వాతి వరుస తలకట్టుకు తగులుతుంది.

కాబట్టి రబ్బరు స్టాంపు చేయించేటప్పుడు అక్షరం 18 పాయింట్లకు తగ్గనివ్వకండి. సన్నగీతల ఫాంటు, మరీ బొద్దు ఫాంటు రెండూ వద్దు. మొదటిదాంట్లో గీత తెగుతుంది, రెండోదాంట్లో సందు పూడుతుంది. గీత మందం అంతటా ఒకేలా ఉన్న ఫాంటు మేలు. రెండు వరుసలుంటే మధ్యలో ఒత్తులకు చోటు వదలండి. బొమ్మ అయితే నలుపు తెలుపు గీతలతో, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) ఇవ్వండి. నీడలు, బూడిద రంగు ఉన్న ఫొటో ఇస్తే స్టాంపులో మచ్చలే మిగులుతాయి. ఆఫీసు సీళ్ళు చేసే అంగడిలోనే కార్డుల స్టాంపు కూడా చేస్తారు, కానీ లోపలే ఇంకు నింపి ఇచ్చే ఫ్లాష్ రకం వద్దనండి. దాంట్లో ఒకే రంగు, అదీ ఆఫీసు ఇంకే. కర్రకు అతికించిన మామూలు రబ్బరు అడగండి.

పెన్సిల్ రబ్బరు మీద సొంతంగా చెక్కేవాళ్ళకు "తెలుగును తిరగేసి రాయాలి కదా" అని భయం. అక్కర్లేదు. ట్రేసింగ్ పేపరు మీద మెత్తటి పెన్సిల్‌తో మామూలుగానే రాయండి. రాసిన వైపు రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి, చెక్కి అద్దితే సరిగా పడతాయి. బ్లేడు వాలు గీతకు బయటి వైపు దిగాలి, అంటే అక్షరం అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా మిగలాలి. అడుగు లోపలికి కోసుకుపోతే పదోసారి ఒత్తేలోపే గీత విరిగిపోతుంది.

అపోహ: ఎంబాసింగ్‌కు హెయిర్ డ్రయ్యర్ చాలు

వాస్తవం: చాలదు. తడి ఇంకు మీద ఎంబాసింగ్ పౌడరు చల్లి, వేడికి కరిగించి బొమ్మను ఉబ్బెత్తుగా తేల్చడమే ఎంబాసింగ్. డ్రయ్యరులో గాలి ఎక్కువ, వేడి తక్కువ. పౌడరు కరగకముందే ఎగిరిపోతుంది. హీట్ గన్ లేనివాళ్ళు దోసె పెనం బాగా కాల్చి, స్టవ్ ఆపేసి, కార్డును పట్టకారుతో పెనానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకోవచ్చు. మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. వేడి అడుగు నుంచి తగిలి పౌడరు కరుగుతుంది. చక్కెర పలుకుల్లా ఉన్న పొడి ఒక్కసారిగా మెరుపు తేలితే అయినట్టే, వెంటనే తీసేయండి. ఇంకాసేపు ఉంచితే అట్టలోకి ఇంకి నూనె మరకలా చదునైపోతుంది.

సీమలో దీనికి ఇంకో చిక్కుంది. పొడిగాలికి అట్ట మీద స్థిరవిద్యుత్తు నిలిచి, పౌడరు బొమ్మ లేని చోట కూడా చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. స్టాంపు వేయకముందే మెత్తటి కుంచెతో టాల్కం పౌడరు అట్టంతా తేలిగ్గా రాసి దులిపేయండి. తర్వాత పిగ్మెంటు ఇంకుతో స్టాంపు వేసి, పౌడరు చల్లి, మిగిలింది తిరిగి డబ్బాలో పోసుకోండి. పై ఫ్యాను ఆపడం మర్చిపోవద్దు.

అపోహ: జిగురు ఎక్కువైతే గట్టిగా అంటుకుంటుంది

వాస్తవం: తెల్ల జిగురులో నీరుంటుంది. ఆ నీరు తాగి అట్ట సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని కార్డును లాగేస్తుంది. పొడిగాలికి జిగురు త్వరగా ఆరి ఇంకా ఎక్కువ వంగుతుంది. పెద్ద పొరలకు డబుల్ సైడ్ టేపు, పూలకూ పూసలకూ మాత్రం అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క ఫెవికాల్. మైదా ఉడికించిన జిగురు వాడితే వంగడంతోపాటు పురుగు కూడా పడుతుంది.

అపోహ: స్టాంపును కిరోసిన్‌తో తుడిస్తే కొత్తదవుతుంది

వాస్తవం: కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ తగిలితే రబ్బరు ఉబ్బి అక్షరాలు లావవుతాయి. మెత్తటి సబ్బునీళ్ళు, తడిగుడ్డ చాలు. రబ్బరు మీద మిగిలే రంగు మరక వల్ల నష్టమేమీ లేదు. స్టాంపులు ఎండ తగలని డబ్బాలో పెట్టుకోండి. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులు ఎండకు పసుపుబారతాయి.

అపోహ: గ్రీటింగు కార్డంటే గులాబీలు, టెడ్డీ బొమ్మలే

వాస్తవం: స్టాంపుకు కావలసింది తేటగా ఉన్న గీత, చుక్క. అవి మన చుట్టూనే ఉన్నాయి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి స్తంభాల మీద, పైకప్పు చిత్రాల్లోని చీరల మీద కనిపించే అంచులు, పువ్వులు చిన్న స్టాంపులకు కొలత కోసం గీసినట్టుంటాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు ఇంకా మంచి పాఠం. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ నగలను మేకతోలులో చిన్న చిన్న రంధ్రాలుగా తొలుస్తారు, వెనక దీపం పెట్టగానే నగలు మెరుస్తాయి. కార్డులో అదే పద్ధతి పెట్టుకోవచ్చు. అట్ట కింద స్పాంజి వేసి, స్టాంపు వేసిన బొమ్మ నగల గీత వెంట సూదితో 2 మి.మీ. దూరంలో పొడవండి. వెనక పసుపు రంగు పలచని కాగితం అతికిస్తే కార్డు కిటికీ దగ్గర నిలబెట్టినప్పుడు చుక్కలు వెలుగుతాయి. దబ్బనం వద్దు, రంధ్రం పెద్దదై అంచు చిరుగుతుంది.

అపోహ: పూసలు, కుందన్లు అతికిన కార్డును మామూలు కవరులో వేసి పంపొచ్చు

వాస్తవం: సాధారణ ఉత్తరానికి తపాలా రుసుము 20 గ్రాముల మెట్టుగా లెక్కిస్తారు. లెక్క వేసి చూడండి: 300 జీఎస్ఎం అడుగు అట్ట 9.3 గ్రాములు, 200 జీఎస్ఎం పై అట్టలు రెండూ కలిపి సుమారు 5.3, కవరు దాదాపు 4. అప్పటికే 18 దాటింది. నాలుగు కుందన్లు పడితే మెట్టు మారిపోవచ్చు. అందుకే తపాలా బిళ్ళలు అంటించే ముందు కార్డును కవరుతో సహా తూయించండి. పైకి లేచిన పూస కవరును లోపలి నుంచి చింపేస్తుంది, దాని మీద కార్డు సైజు పలచని కాగితం మడిచి పెట్టండి.

శుభకార్యానికి పంపే కార్డు నాలుగు మూలలా పసుపు రాసేవాళ్ళు ఆ పని అన్నిటికన్నా చివర చేయండి. నీళ్ళు కలిపిన పసుపు తగిలితే డై ఇంకు కరుగుతుంది. పొడి పసుపే వేలి కొనతో అద్ది, మిగిలింది దులపండి. బట్టల సబ్బు అంటిన చెయ్యి ఆ మూలకు తగలనివ్వకండి, పసుపు ఎర్రబడుతుంది.