ఆంప్లి మారిస్తే పాట బాగుపడుతుందా? అపోహలు, వాస్తవాలు

కడపలో ఆంప్లిలు (శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే ఆంప్లిఫయర్లు), క్యాసెట్ డెక్కులు, స్పీకర్లు బాగుచేయబట్టి ఇరవై రెండేళ్లయింది. అంగడి మెట్టెక్కిన చాలామంది నోట ఒకటే మాట: "అన్నా, ఈ సెట్టు తీసేసి ఇంగా పెద్దది పెడితే సౌండు బాగొస్తాదా?" కొత్త సెట్టు ఇప్పిస్తే నాకూ నాలుగు డబ్బులు మిగుల్తాయి. అయినా ఎక్కువమందికి వద్దనే చెప్తా. ఉన్నదాన్ని సరిగ్గా రిపేరు చేయించుకోండి, మిగిలిన డబ్బుతో మీరింకా వినని ఆల్బమ్‌లు కొనుక్కోండి అంటా. ఎందుకంటున్నానో ఇక్కడ రాస్తున్నా.

అపోహ: వాట్లు రెట్టింపైతే సౌండూ రెట్టింపు.

50 వాట్ల ఆంప్లి తీసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క ఇది). పక్కపక్కన పెట్టి వింటే "కొంచెం పెరిగినట్టుందే" అనిపిస్తుంది, అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పది రెట్ల వాట్లు, 500. పెళ్లి పందిరికైతే కావాలి. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఆంప్లి స్పీకర్లకు పంపేది ఒకటి రెండు వాట్లకు మించదు.

అపోహ: గొంతు స్పష్టంగా లేదంటే స్పీకర్లు పాతబడినట్టే.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన సీమ ఇళ్లలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే.

ప్రొద్దుటూరులో రిటైరైన టీచరు ఒకాయన ఫోన్ చేసినారు. "నాయనా, గొంతులన్నీ డబ్బాలోంచి వచ్చినట్టుండాయి. నలభై వేలు పక్కన పెట్టినా, మంచి స్పీకర్లు చూడు" అన్నారు. స్పీకర్లు చూసే ముందు ఇల్లు చూస్తా సార్ అని వెళ్లినా. పొడుగాటి హాలు. కింద నున్నటి కడప బండలు, చుట్టూ బోడి గోడలు, పైన స్లాబు. నడిమధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టినా. టంగుమని వెనకాలే ఇంకో చప్పట వచ్చింది.

బండ శబ్దాన్ని తాగదు, వచ్చింది వచ్చినట్టే వెనక్కి కొడుతుంది. గాయని ఒక మాట పాడితే ఆ మాట తోక తర్వాతి మాట మీద పడుతుంది. లక్ష రూపాయల స్పీకరు తెచ్చినా ఆ హాల్లో అదే గతి. పైగా ఆయన స్పీకర్లు రెండూ మూలల్లో, నేల మీద ఉన్నాయి. మూలలో పెడితే బాసు, అంటే లావు శబ్దం, ఉబ్బుతుంది, గొంతు దాని కింద నలిగిపోతుంది.

బీరువా మీది జంపఖానా దించి పరిచినాం. కిటికీకి మందపాటి కర్టెన్, ఎదురు గోడకు రెండు మడతల దుప్పటి. స్పీకర్లను గోడకు అడుగున్నర ఎడంగా జరిపి, ట్వీటరు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తుకు వచ్చేలా స్టూళ్ల మీద పెట్టినా. డెక్కులో టేపు తాకే హెడ్డు మీద తుప్పు రంగులో పేరుకున్న మురికిని స్పిరిట్ దూదితో తుడిచినా. మళ్లీ అదే క్యాసెట్ వేస్తే, గొంతు వెనకాల తంబూర తీగ జుమ్మనడం విడిగా వినిపించింది. సారు కుర్చీలోంచి లేచి స్పీకరు దగ్గరికి వచ్చి నిలబడినారు. మొత్తం ఖర్చు కర్టెన్ గుడ్డకు 1,400 రూపాయలు.

అప్పుడు ఆయన సొరుగు చూసినా. క్యాసెట్లు, సీడీలు కలిపి పదిహేను. "ఇవి కాక ఇంకేం వింటారు సార్?" అంటే, "ఇవే నాయనా, ఇరవై ఏండ్లుగా" అన్నారు. నన్ను బాధపెట్టింది అదే. ఇప్పుడాయన నెలకు ఒకటో రెండో కొత్త ఆల్బమ్‌లు తెప్పించుకుంటున్నారు. ఆ నలభై వేలు ఇంకా అయిపోలేదు.

అపోహ: కీర్తనలన్నీ విన్నవే, కొత్తగా కొనడానికేముంది?

అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మన రాజంపేట పక్కనే. రాసినవి 32 వేలంటారు, రాగిరేకుల మీద దొరికినవే 12 వేలకు పైన. మనం తిప్పి తిప్పి వినేవి ఒక ఇరవై. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రేకు మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. మనం ఈరోజు వినే వరసలు ఎక్కువభాగం గత వందేళ్లలోపు విద్వాంసులు కట్టినవే. అందుకే ఒకే కీర్తన రెండు ఆల్బమ్‌లలో రెండు రాగాల్లో దొరుకుతుంది. అలాంటి రెండో వరస మొదటిసారి విన్నప్పుడు కలిగే ఆనందం ఏ ఆంప్లీ ఇవ్వలేదు. నేను ఒక ఏడాది అప్పు చేసి పెద్ద ఆంప్లి కొన్నా. ఆ ఏడాది ఒక్క డిస్కు కూడా కొనలేదు. ఆ పన్నెండు నెలలు పాత పాటలతో ఆంప్లిని పరీక్షించినానే గానీ పాట విననే లేదు.

అపోహ: సీడీ చాలదు, హై రిజల్యూషన్ ఫైళ్లు (సీడీ కంటే ఎక్కువ వివరంతో రికార్డు చేసినవి), దానికి తగ్గ సెట్టు ఉండాలి.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. మనిషి చెవి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా అందులో పడుతుంది. వయసు మళ్లిన చెవికి అంతదాకా అందదు కూడా. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో అమెరికా వాళ్ల పరీక్ష ఒకటి వచ్చింది. హై రిజల్యూషన్ ధ్వనిని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించినారు. 554 సార్లలో సరిగ్గా గుర్తుపట్టింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఖరీదైన స్పీకరు వైర్లదీ ఇదే కథ: మందం చాలిన రాగి తీగ, గట్టి బిగింపు ఉంటే సరి.

అపోహ: యాప్‌లో అన్నీ ఉంటే ఆల్బమ్ ఎందుకు కొనాలి?

హక్కుల ఒప్పందం ముగిస్తే పాట యాప్‌లోంచి చెప్పాపెట్టకుండా పోతుంది. మృదంగం ఎవరు వాయించినారో చాలాసార్లు అందులో ఉండదు. డిస్కు అట్ట మీద రాగం, తాళం, పక్కవాద్యాలు అన్నీ ఉంటాయి. పాడినవాళ్లకు ముట్టేదీ చూడండి. కళాకారులు తమ ఆల్బమ్‌లు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు వాటా మామూలుగా 15 శాతం. చెల్లింపు ఖర్చులు పోను మిగతాది కళాకారులకో వాళ్ల కంపెనీకో పోతుంది. కచేరీకి వెళ్లినప్పుడు అక్కడే డిస్కులు పెట్టి ఉంటే ఒకటి కొనండి.

మరి సెట్టు మీద ఖర్చే వద్దా? కావాల్సిన చోట కావాలి. వూఫరు (లావు శబ్దం పలికే పెద్ద స్పీకరు) అంచు ఫోము పొడిపొడిగా రాలుతుంటే మార్పించాలి. స్పీకరు లోపలి తీగచుట్ట (కాయిలు) రాసుకుంటూ గరగరమంటే ఆలస్యం చేయకండి. క్యాసెట్ సాగినట్టు పాడుతుంటే డెక్కు బెల్టు, రబ్బరు రోలరు చూపించండి. వీటిలో దేనికీ సెట్టు మార్చే పని లేదు.

అవి కూడా కాదు, సౌండే బాలేదు అంటారా? అంగడికి సెట్టు మోసుకొచ్చే ముందు మీరు వినే గది మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టి, ఫోన్లో వీడియో తీసుకురండి. ముందు అది వింటా.