బ్యాటరీ నెయిల్ గన్: అపోహలు – వాస్తవాలు

కంప్రెసర్, గాలి పైపు అవసరం లేని నెయిల్ గన్‌లు (ట్రిగ్గర్ నొక్కితే మేకును కొట్టే పనిముట్లు) వచ్చాక వడ్రంగం పనిలో సౌలభ్యం ఎంతో పెరిగింది. దానితో పాటే వాటి గురించి కొన్ని తప్పుడు నమ్మకాలు కూడా పని స్థలాల్లో స్థిరపడిపోయాయి. ఈ పనిలో ఉన్నవాడిగా, కొత్తవారికి పని నేర్పేవాడిగా నేను తరచూ వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను. వీటిలో ట్రిగ్గర్‌కు సంబంధించినవే ఎక్కువ గాయాలకు కారణమవుతాయని నా అభిప్రాయం కాబట్టి, వాటి గురించి కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: ఇది బ్యాటరీతో నడిచేదే కాబట్టి గాలితో నడిచే గన్ అంత ప్రమాదకరం కాదు.

వాస్తవం: మేకును చెక్కలోకి దించేది నేరుగా బ్యాటరీ కాదు, బ్యాటరీ సాయంతో పోగుచేసిన శక్తి. కొన్ని గన్‌లలో మోటారు ఒక బరువైన చక్రాన్ని అతివేగంగా తిప్పుతుంది, మేకును కొట్టే బ్లేడు ఆ చక్రానికి తాకగానే ముందుకు దూసుకువస్తుంది. మరికొన్నింటిలో మూసివున్న సిలిండర్‌లో గాలిగానీ నైట్రోజన్‌గానీ ఒత్తిడితో నింపి ఉంటుంది; మోటారు పిస్టన్‌ను వెనక్కి లాగి వదిలితే ఆ ఒత్తిడే దాన్ని ముందుకు నెడుతుంది. మూడో రకంలో చిన్న గ్యాస్ క్యానిస్టర్ నుంచి వచ్చే ఇంధనం గదిలో మండుతుంది, బ్యాటరీ పని అక్కడ నిప్పురవ్వను పుట్టించడం, ఫ్యాన్‌ను తిప్పడం మాత్రమే. పద్ధతి ఏదైనా, 90 మిల్లీమీటర్ల మేకును గట్టి దూలంలోకి ఒక్క దెబ్బతో దించాలంటే కావలసిన శక్తి తగ్గదు. ఫినిషింగ్ పనిలో వాడే 18 గేజ్ సన్న మేకుల మందం సుమారు 1.2 మిల్లీమీటర్లే అయినా, వాటిలో 50 మిల్లీమీటర్ల పొడవైనవి ఉంటాయి. అలాంటి మేకు వేలి ఈ వైపు నుంచి ఆ వైపుకు రావడానికి అడ్డేమీ ఉండదు.

పైపు లేకపోవడం వల్ల పెరిగే ప్రమాదం ఒకటుంది. గాలి గన్‌కు పైపు ఊడదీస్తే అది పనిచేయదని చుట్టుపక్కల అందరికీ కంటికి కనిపిస్తుంది. బ్యాటరీ గన్ విషయంలో అలా కాదు. పక్కన పెట్టినా, నిచ్చెన మీదికి తీసుకెళ్లినా, మరొకరి చేతికి అందించినా బ్యాటరీ దానితోనే ఉంటుంది కనుక అది ఎప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే లెక్క. అందువల్ల చోటు మారేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు బ్యాటరీ తీసేయడం అలవాటుగా మారాలి.

అపోహ: గన్ ముందు కొన, అంటే ముక్కు, దగ్గర సేఫ్టీ ఉంది, చెక్కకు ఆనించి నొక్కితే తప్ప మేకు రాదు; కాబట్టి ట్రిగ్గర్ మీద వేలు ఉన్నా ఫర్వాలేదు.

వాస్తవం: ముక్కు చివర కదిలే ఆ భాగం తన మీద ఒత్తిడి పడిందా లేదా అన్నది మాత్రమే గుర్తిస్తుంది. తనను నొక్కుతున్నది చెక్కా, మోకాలా, పక్కన వంగి పనిచేస్తున్న మనిషి వీపా అన్నది దానికి తెలియదు. ట్రిగ్గర్ నొక్కిపట్టి నడుస్తున్న మనిషి తొడకు ఆ ముక్కు తగిలితే, గన్ ఏ పద్ధతిలో ఉందన్నదాని మీదే అతని గతి ఆధారపడి ఉంటుంది.

ఈ పద్ధతులను ప్రతి ఒక్కరూ క్షుణ్ణంగా తెలుసుకోవాలి. కాంటాక్ట్ పద్ధతిలో ముక్కు, ట్రిగ్గర్ ఏ వరుసలో నొక్కుకున్నా మేకు వచ్చేస్తుంది. ట్రిగ్గర్ పట్టుకునే ఉండి ముక్కును తాటిస్తూ పోతే తాటించినప్పుడల్లా ఒక మేకు దిగుతుంది. పూర్తి సీక్వెన్షియల్ పద్ధతిలో ముందు ముక్కు, తర్వాతే ట్రిగ్గర్. రెండో మేకు కావాలంటే రెండింటినీ వదిలి మళ్లీ అదే వరుసలో నొక్కాలి. ఈ రెండింటి మధ్య సింగిల్ సీక్వెన్షియల్ అనేది మరొకటి ఉంది. అందులో మొదటి మేకుకు వరుస తప్పనిసరే గానీ, ముక్కు చెక్కకు ఆని ఉండగానే ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితే రెండోది కూడా వస్తుంది. చాలా బ్యాటరీ గన్‌లలో పద్ధతి మార్చే మీట ఉంటుంది. నిన్న ఎవరో వాడి, మార్చి వదిలేసి ఉండవచ్చు. అందువల్ల గన్ చేతిలోకి తీసుకోగానే ముందు ఆ మీటను చూడాలి. ట్రిగ్గర్ రంగును బట్టి పద్ధతిని ఊహించవద్దు, ఎందుకంటే కంపెనీలన్నీ ఒకే రంగును ఒకే అర్థంలో వాడవు.

కాంటాక్ట్ పద్ధతిలో జరిగే రెండో మేకు ప్రమాదాన్ని దగ్గరగా గమనిస్తే విషయం అర్థమవుతుంది. మేకు దిగగానే గన్ వెనక్కి తన్నుతుంది. ముక్కు చెక్క నుంచి కొద్దిగా లేస్తుంది. గన్ అదుపులో ఉండాలని చెయ్యి తనకు తెలియకుండానే దాన్ని మళ్లీ ముందుకు నెడుతుంది, వేలు మాత్రం ట్రిగ్గర్ మీదే బిగిసి ఉంటుంది. ముక్కు రెండోసారి తగిలిన చోట, అది చెక్క అంచు కావచ్చు, చెక్కను పట్టుకున్న ఎడమ చెయ్యి కావచ్చు, రెండో మేకు పడుతుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది. మనిషి ఎంత అనుభవజ్ఞుడైనా మధ్యలో ఆపగలిగేంత సమయం అందులో లేదు. అమెరికాలో కార్పెంటరీ నేర్చుకుంటున్న అప్రెంటిస్‌లపై జరిగిన అధ్యయనాల్లో, పూర్తి సీక్వెన్షియల్ ట్రిగ్గర్‌తో పోలిస్తే కాంటాక్ట్ ట్రిగ్గర్ వాడినప్పుడు గాయపడే అవకాశం సుమారు రెండింతలు ఉన్నట్టు తేలింది. అక్కడి వృత్తి భద్రతా సంస్థలైన నియోష్, ఓషా 2011లో కలిసి విడుదల చేసిన మార్గదర్శినిలో పూర్తి సీక్వెన్షియల్ ట్రిగ్గర్ వాడకాన్నే మొదటి అడుగుగా పెట్టాయి.

అపోహ: సీక్వెన్షియల్ పద్ధతి పెడితే పని బాగా నెమ్మదిస్తుంది.

వాస్తవం: మేకులు కొట్టే సమయాన్ని మాత్రమే కొలిచి చూసినప్పుడు కాంటాక్ట్ పద్ధతి సగటున 10 శాతం వేగంగా ఉన్నట్టు, మొత్తం నిర్మాణ సమయంలో ఆ తేడా 1 శాతం కూడా లేనట్టు అదే మార్గదర్శిని చెబుతోంది. పనిచేసేవారికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. మన రోజులో ఎక్కువ భాగం కొలవడానికి, కోయడానికి, ముక్కను సరిచేసి నిలబెట్టడానికి పోతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణాలు అందులో చాలా తక్కువ. విశాలమైన నేల మీద పలకలు వేసేటప్పుడు కాంటాక్ట్ పద్ధతి కావాలని వాదించేవారు ఉన్నారు. నేను మాత్రం నా దగ్గర పనిచేసేవారికి ఆ పని కోసం కూడా అనుమతి ఇవ్వను. ఫ్రేమ్ పనిలో (దూలాలను కలిపి చట్రం కట్టే పనిలో), ఏటవాలుగా మేకు కొట్టేటప్పుడు, నిచ్చెన మీద ఉన్నప్పుడు అసలు దాని ఊసే వద్దు.

అపోహ: మేకు గురిపెట్టిన చోటికి నేరుగానే వెళ్తుంది, కాబట్టి ముక్కను ఎంత దగ్గరగా పట్టుకున్నా ప్రమాదం లేదు.

వాస్తవం: చెక్కలోని ముడి, లోపల దాగిన పాత మేకు, లోహపు పట్టీ, ఏటవాలుగా సాగే నార, వీటిలో ఏది తగిలినా మేకు దారి మారుతుంది. సన్న మేకుల మొన ఉలి ఆకారంలో ఉంటుంది కనుక అవి నారను పట్టుకుని వంకర తిరగడం మరీ సులభం. సన్నని బీడింగ్‌ను (అంచులకు వేసే చెక్క పట్టీని) తలుపు ఫ్రేముకు బిగిస్తున్నామనుకోండి. పైనుంచి చూస్తే మేకు తల నిటారుగానే దిగినట్టు కనిపిస్తుంది. కానీ లోపల ముడిని తాకిన మొన కొక్కెంలా వంగి, బీడింగ్ పక్క అంచు నుంచి బయటికి పొడుచుకొస్తుంది. సరిగ్గా అక్కడే, ముక్క జారకుండా అదిమిపట్టిన బొటనవేలు ఉంటుంది. నెయిల్ గన్ గాయాల్లో సగానికి పైగా చేతులకు, వేళ్లకే తగులుతున్నాయంటే కారణం ఇలాంటివే.

అందువల్ల రెండో చెయ్యి మేకు దిగే చోటికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ముక్క అంతకన్నా చిన్నదైతే చేతితో పట్టుకోవడం మానేసి క్లాంప్‌తో బిగించాలి, అదీ కుదరకపోతే సుత్తి తీసుకోవాలి. సుత్తి తీసుకోవడం చిన్నతనమేమీ కాదు. ఇరుకు మూలల్లోనూ, తలకన్నా ఎత్తులోనూ, అలవాటులేని చేత్తో గన్ పట్టుకోవలసి వచ్చినప్పుడూ అదే సరైన పనిముట్టు. మేకు వెళ్లే దిశలో, అంటే చెక్కకు అవతలి వైపున కూడా ఎవరూ ఉండకూడదు, ఎందుకంటే పలుచని ప్లైవుడ్‌నూ, వెనుక ఆధారంలేని పలకనూ మేకు పూర్తిగా దాటిపోగలదు. గోడలో కరెంటు తీగలు, నీటి పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకున్నాకే గన్ ఎత్తాలి.

ఏటవాలుగా కొట్టేటప్పుడు ముక్కు జారే ప్రమాదం ఉంటుంది. ఫ్రేమింగ్ గన్ ముక్కుకు ఉండే పళ్లు చెక్కలో గుచ్చుకునేలా ముందుగా నొక్కి, అది కదలడంలేదని నిర్ధారించుకున్నాకే ట్రిగ్గర్ మీదికి వేలు పోవాలి.

అపోహ: మేకు ఇరుక్కున్నప్పుడు బ్యాటరీ తీసేస్తే చాలు, ఇక గన్ పూర్తిగా నిర్జీవమే.

వాస్తవం: బ్యాటరీ తీయడం మొదటి పని, ఏకైక పని కాదు. చక్రం తిరిగే రకంలో బ్యాటరీ తీశాక కూడా చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉండవచ్చు. ఆ శబ్దం పూర్తిగా ఆగేదాకా వేచివుండాలి. గ్యాస్ రకంలో క్యానిస్టర్‌ను కూడా బయటికి తీయాలి. నైట్రోజన్ లేదా గాలి ఒత్తిడితో పనిచేసే రకం విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఆ ఒత్తిడి బ్యాటరీలో లేదు, సిలిండర్‌లో ఉంది. మేకు అడ్డుపడి బ్లేడు సగం దారిలో ఆగిపోయిందంటే, నొక్కిపట్టిన స్ప్రింగులాగా పిస్టన్ ఇంకా ముందుకు నెడుతూనే ఉందని అర్థం. ఇరుక్కున్న మేకును లాగిన క్షణంలో బ్లేడు మిగిలిన దూరాన్ని ఒక్క విసురుతో దూకుతుంది. అప్పుడు ముక్కు ముందు వేలు ఉంటే ఏం జరుగుతుందో ఊహించవచ్చు.

ఈ పని చేసే క్రమం ఇలా ఉండాలి. ముందు బ్యాటరీ తీయాలి. తర్వాత మ్యాగజీన్‌లో (మేకులు నింపే అరలో) మిగిలిన మేకులన్నీ తీయాలి. ముక్కును మనిషి లేని వైపుకు తిప్పి, ముందు మూతను తెరిచి, ఇరుక్కున్న మేకును ప్లయర్‌తోనే లాగాలి, వేళ్లతో కాదు. బ్లేడును వెనక్కి పంపే మీట గన్‌కు ఉంటే, దాన్ని ఎలా వాడాలో ఆ గన్‌తో వచ్చిన పుస్తకంలో చూసి అలాగే చేయాలి. బ్లేడు అప్పటికీ వెనక్కి వెళ్లకపోతే విప్పే ప్రయత్నం మానుకుని సర్వీసుకు పంపాలి; ఒత్తిడితో ఉన్న సిలిండర్‌ను పని స్థలంలో విప్పడానికి ఎవరికీ అర్హత లేదు. అంతా సరిచేశాక మొదటి మేకును పనికిరాని చెక్క ముక్కలో కొట్టి చూడాలి.

అపోహ: మేకు తల పైకి మిగిలిపోతుంటే గన్‌ను ఇంకా గట్టిగా అదమాలి.

వాస్తవం: లోతును నిర్ణయించేది గన్ మీద ఉండే లోతు సర్దుబాటు చక్రం. దాన్ని మార్చాలి, లేదా బ్యాటరీ ఛార్జింగ్ చూసుకోవాలి. కాంటాక్ట్ పద్ధతిలో గట్టిగా అదిమితే ఇంతకుముందు చెప్పిన రెండో మేకు ప్రమాదం పెరుగుతుంది, అంతకుమించి లాభం లేదు. అలాగే మేకులు అయిపోవస్తుంటే చాలా గన్‌లలో ముక్కు నొక్కుకోకుండా ఒక అడ్డు పడుతుంది. దాన్ని లోపంగా భావించి ఆ అడ్డును తీసేసేవారు ఉన్నారు. ఆ పని చేయకూడదు, ట్రిగ్గర్‌కు టేపు చుట్టడమూ చేయకూడదు.

అపోహ: చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు ఉంది కదా, అది చాలు, చెవులకైతే ఏమీ అక్కర్లేదు.

వాస్తవం: చూపు కళ్లద్దాలు దెబ్బను ఆపడానికి తయారైనవి కావు. మేకులను కలిపివుంచే ప్లాస్టిక్, కాగితం, తీగ ముక్కలు ప్రతి దెబ్బకూ ఎగిరిపడతాయి కనుక దెబ్బకు తట్టుకునేలా పరీక్షించిన, పక్కలు కూడా మూసివున్న భద్రతా కళ్లద్దాలు వాడాలి. గాలి గన్‌లలో శబ్ద శిఖరాలు 109 నుంచి 136 డెసిబెల్స్ వరకు నమోదయ్యాయి. గ్యాస్ రకం కాని బ్యాటరీ గన్‌లో గాలి బయటికి వదిలే శబ్దం లేకపోయినా దెబ్బ శబ్దం ఉంటుంది, గదిలో అది మరింత గట్టిగా వినిపిస్తుంది.

థిన్నర్, జిగురు, వార్నిష్ ఆవిరి నిండిన గదిలో ఏ రకం బ్యాటరీ గన్‌నూ వాడవద్దు. మోటారులోనూ రవ్వలు రావచ్చు, గ్యాస్ రకంలోనైతే రవ్వతోనే పని జరుగుతుంది. విడి బ్యాటరీని మేకులున్న సంచిలో వేయకూడదు. రెండు టెర్మినళ్లకు మేకు అడ్డంగా పడితే షార్ట్ అవుతుంది.

అపోహ: వేలిలో మేకు దిగితే వెంటనే లాగేసి కట్టు కడితే సరిపోతుంది.

వాస్తవం: చేతికి తగిలిన నెయిల్ గన్ గాయాల్లో సుమారు నాలుగింట ఒకదానిలో ఎముక విరగడం వంటి లోపలి నష్టం ఉంటుంది, పైకి మాత్రం చిన్న రంధ్రమే కనిపిస్తుంది, రక్తం కూడా ఎక్కువగా రాకపోవచ్చు. మేకుకు ఉండే గాడులు, పూత, దానికి అంటుకున్న తీగ లేదా ప్లాస్టిక్ ముక్కలు లాగేటప్పుడు కండను, స్నాయువును చీల్చవచ్చు, లోపలే మిగిలిపోయి చీము పట్టించవచ్చు. కాబట్టి మేకును కదిలించకుండా, చుట్టూ గుడ్డతో ఊతమిచ్చి, వాపు రాకముందే ఉంగరాలు తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. చెయ్యి చెక్కకు అతుక్కుపోయి ఉంటే గుంజకూడదు; ఆ మనిషిని కూర్చోబెట్టి, చెయ్యి కదలకుండా ఆధారం ఇచ్చి అత్యవసర సహాయాన్ని పిలవాలి. కన్ను, తల, మెడ, ఛాతీలో దిగిన మేకు జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు. ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో వైద్యుడికి చెప్పాలి. అదే స్ట్రిప్‌లోని (కలిపివుంచిన మేకుల వరుసలోని) మరో మేకును వెంట తీసుకెళ్లి చూపిస్తే, లోపల ఉన్నదాని పొడవు ఎంత, దానికి గాడులు ఉన్నాయా, పూత ఉందా అన్నది బయటికి తీయకముందే వైద్యుడికి తెలుస్తుంది.