బాప్తిస్మం: అపోహలు, వాస్తవాలు

అపోహ: పూర్తిగా మారాకే బాప్తిస్మం తీసుకోవాలి.

పాస్టరుగా నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. ఏళ్ల తరబడి ఆరాధనకు వస్తారు, కన్నీళ్లతో ప్రార్థిస్తారు. బాప్తిస్మం మాట ఎత్తితే మాత్రం "ఇంకా నా కోపం తగ్గలేదయ్యగారూ, తగ్గాక చూద్దాం" అంటారు. ఫిలిప్పీ చెరసాల అధికారి వాక్యం విన్న రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. ఫిలిప్పు దగ్గర సువార్త విన్న ఐతియొపీయ (ఇథియోపియా) అధికారి దారిలో నీళ్లు కనబడగానే రథం ఆపించాడు. వాళ్లు నమ్మారు, అంతే. క్రీస్తుతో పాతిపెట్టబడి, ఆయనతో లేచి కొత్త జీవితంలో నడవడమే బాప్తిస్మమని రోమా 6లో పౌలు రాశాడు. ఆ నడక నీళ్లలోంచి లేచాకే మొదలవుతుంది. కోపంతో పోరాటం ఆ తర్వాతా ఉంటుంది. అప్పుడు సంఘం మీ పక్కన ఉంటుంది.

అపోహ: మునిగితే పాపాలు పోతాయి.

మా బాప్టిస్టు సంఘాల్లో అలా బోధించం. పాపం కడిగేది క్రీస్తు రక్తం. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ బాప్తిస్మం లేకుండానే పరదైసుకు వెళ్లాడు. అలాగని ఆ దొంగను సాకుగా చూపించకండి. అతనికి సిలువ దిగే వీలు లేదు, మీకు అవకాశం ఉంది.

అపోహ: ముంచకపోతే అది బాప్తిస్మమే కాదు.

మేం ముంచే ఇస్తాం. పాతిపెట్టడం, లేవడం అందులో కళ్లకు కడుతుంది. అయితే తొలినాటి క్రైస్తవుల బోధల పుస్తకం 'దిదాకే' పారే నీళ్లు మేలంటూనే, సరిపడా నీళ్లు లేనప్పుడు తలమీద మూడుసార్లు పోయమంది. కాబట్టి నీళ్లు పోసో చిలకరించో బాప్తిస్మమిచ్చే సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కతోలిక సోదరులను చులకన చేయడం తగదు.

అపోహ: మనవాళ్లు బియ్యం కోసం మునిగారు.

ఈ మాట వింటే ఒంగోలు ప్రాంతం వాళ్లకు మనసు చివుక్కుమంటుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి పని చూపించాడు. తిండి కోసం వచ్చేవాళ్లెవరో, నమ్మి వచ్చేవాళ్లెవరో తేలాలని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ఇచ్చారు. ఇంతమంది పేదలు, అందులో ఎక్కువమంది మాదిగలు, తమ నిర్ణయం తామే తీసుకున్నారని ఒప్పుకోవడానికి కొందరికి ఇప్పటికీ మనసు రాదు.

అపోహ: పేరు మార్చుకోవాలి.

అలాంటి ఆజ్ఞ బైబిల్లో లేదు. ఒంగోలు ప్రాంతంలో మాదిగల్లో తొలి విశ్వాసుల్లో ఒకడు, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యే.

అపోహ: ఊపిరాడదు.

పెద్దవాళ్లకు ఈ భయం ఎక్కువ. నడుం లోతు నీళ్లలో నిలబెడతాం. మీరు చేతులు గుండెల మీద కట్టుకుంటారు. నా చెయ్యి ఒకటి మీ మెడ వెనక, ఇంకొకటి మీ చేతుల మీద ఉంటుంది. మోకాళ్లు కొద్దిగా మడిచి నా చేతి మీదికి వాలితే చాలు, వెంటనే లేపేస్తాను. బీపీ, ఆయాసం, మూర్ఛ ఉంటే ముందే చెప్పండి. ముదురు రంగు బట్టలు వేసుకుని, మారు బట్టలు, తువ్వాలు తెచ్చుకోండి.