చింతపండు దగ్గర ఆగిన మాట

ఒడిశాలోని పర్లాకిమిడిలో చాలామందికి తెలుగు వచ్చు. కానీ మా వీధి చివర కిరాణా కొట్టాయనది కటక్ వైపు. పాతపట్నం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మా పిన్ని ఆయనతో ఒడియాలోనే మాట్లాడాలి. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. "అధ కేజీ..." అని ఆగిపోయింది. కిందికి చూస్తూ పెదవులు కదిపింది. కాసేపటికి తలెత్తి, ఆయన్నే చూస్తూ, వేళ్లతో పులుసు పిసికినట్టు చూపించింది.

"తెంతుళి?" అన్నాడాయన.

"హఁ, తెంతుళి!"

పరీక్షలో అయితే అక్కడ మార్కులు పోయేవి. సంభాషణ విశ్లేషణ, అంటే మనుషులు మాట్లాడుకునే తీరును రికార్డు చేసి నిశితంగా పరిశీలించే పని, చేసేవాళ్లకు ఆ ఆగిన చోటే ముఖ్యం. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్ కాల్స్ రికార్డింగులు వింటూ సమాజశాస్త్రవేత్త హార్వీ శాక్స్ ఈ దారి వేశాడు. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ ఆయనతో కలిశారు. మాటతోపాటు సాగదీత, ఊపిరి, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడటం, సెకనులో పదో వంతు మౌనం కూడా రాసుకోవడానికి జెఫర్సన్ గుర్తులు తయారుచేసింది.

మాట తడబడితే సర్దుకునే మొదటి అవకాశం మాట్లాడుతున్నవారికే దక్కుతుందని ఈ ముగ్గురూ 1977లో చూపించారు. మాట కోసం వెతికేవాళ్లు చూపు పక్కకు తిప్పుకుంటారని, ఎదుటివారి వైపు మళ్లీ చూస్తే సాయానికి పిలిచినట్టేనని 1986లో పరిశోధకులైన గుడ్విన్ దంపతులు రాశారు. పిన్ని కిందికి చూసినంతసేపూ కొట్టాయన నోరెత్తలేదు. తలెత్తగానే మాట అందించాడు. ఆయనకిది ఎవరూ నేర్పలేదు. క్లాసులో మాత్రం పిల్లవాడు వెతుక్కుంటుండగానే టీచర్ తప్పు దిద్దేస్తారు. ఆ రెండు సెకన్లు ఆగితే ఎంత బాగుండును!

కొన్ని తప్పులను అసలు పట్టించుకోరు కూడా. డెన్మార్క్ వ్యాపారులు విదేశీయులతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతూ, అర్థంకాని మాటను పోనిచ్చి బేరం సాగించడాన్ని పరిశోధకుడు అలన్ ఫర్త్ 1996లో వివరించాడు.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి సవర భాషను పుస్తకాల్లో కాకుండా మాట్లాడేవాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన ఆగిన చోట సవరలు ఏ మాట అందించారో, ఆ సంభాషణలు వినాలని నాకు ఎంత ఆశో.

వారం తర్వాత పిన్ని నోట తెంతుళి తడుముకోకుండా వచ్చింది. ఈసారి ఆవాల దగ్గర ఆగింది. కొట్టాయన ఆమె తలెత్తేదాకా చూశాడు.

"సొరిషొ?"