సూదిలో ఉన్నది ముళ్లే

వానాకాలం ముసురు పట్టిందంటే నల్లగొండలో ఏ దవాఖానకు పోయినా సర్ది, దగ్గు, ఒళ్లునొప్పుల వాళ్లే. ఫ్లూ టీకా మాటెత్తితే మాత్రం "ఆ సూది వేయించుకుంటే లేని జ్వరం తెచ్చుకున్నట్టే" అంటారు. ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడే మాట నిజమే. కానీ అది ఫ్లూ కాదు, కాలేదు కూడా.

ఫ్లూ వైరస్ పల్లేరు కాయలా ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. ఆ ముళ్లలో ఎక్కువ భాగం హిమాగ్లుటినిన్ అనే ప్రొటీన్. దాంతోనే వైరస్ మన గొంతులోని కణాలను పట్టుకుని లోపలికి దూరుతుంది. టీకా కోసం వైరస్‌ను ఎక్కువగా పిండం ఎదుగుతున్న కోడిగుడ్లలో పెంచి, ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనంతో చంపి, ముక్కలు చేస్తారు. మామూలు డోసులో ఒక్కో ఫ్లూ వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల హిమాగ్లుటినిన్ ఉంటుంది. టీకాలో ఉండే మూడు రకాలకూ కలిపినా మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతుకు తక్కువే!

అసలు పని జరిగేది చంకలో. సూది పడ్డచోట కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు ఈ ముక్కలను మింగి, రోగనిరోధక కణాలు గుమిగూడే చంకలోని లింఫు గ్రంథులకు మోసుకుపోతాయి. కొందరికి చంకలో బిళ్ల కట్టేది అందుకే. గ్రంథిలో బి కణాలనే తెల్లరక్తకణాలు లెక్కలేనన్ని ఉన్నా, ఆ ముల్లుకు అతికేవి ఏ కొన్నో. టి కణాలనే మరో రకం తెల్లరక్తకణాల ఊతంతో అవి పెరుగుతూ, తమ జన్యువులను కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోటీ పడతాయి. గట్టిగా అతికేవే నిలుస్తాయి. కొన్ని ఆ ముల్లుకు అతికే యాంటీబాడీలనే ప్రొటీన్లను తయారుచేస్తాయి, కొన్ని గుర్తుపెట్టుకుని కాచుకుంటాయి. యాంటీబాడీ ముల్లు కొనమీద కూర్చుంటే వైరస్‌కు పట్టు దొరకదు. చెయ్యి నొప్పి, వెచ్చదనం ఈ హడావుడి వల్లే.

లోటు లేకపోలేదు. చచ్చిన వైరస్ కణంలోకి దూరదు కాబట్టి, సోకిన కణాలను చంపే టి కణాలు పెద్దగా తయారుకావు. భారమంతా ముల్లు కొనను పట్టే యాంటీబాడీలదే. ఆ కొనేమో మారుతూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో రకాలను కొత్తగా ఎంచుతుంది. ఫ్లూ వైరస్‌లలో ఒకటైన బి-యమగాటా రకం 2020 మార్చి తర్వాత కనపడకపోవడంతో, నాలుగు రకాల టీకా మళ్లీ మూడుకు వచ్చింది.

యాంటీబాడీలు సిద్ధం కావడానికి సుమారు రెండు వారాలు. ఇంట్లో ఒకరు మంచం పట్టాక పరుగెత్తితే ఆలస్యమే, మృగశిర కార్తెకు ముందే వేయించుకోవడం నయం. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ టీకా వేయరు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు వేయించుకుంటే, ఆమె యాంటీబాడీలే మాయ దాటి బిడ్డకు చేరతాయి.