కుక్కపిల్లను తెచ్చుకునే ముందు

పద్మారావునగర్,
హైదరాబాద్.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన నాలుగు జాతుల వర్ణనలూ కళ్లజోడు సవరించుకుని మరీ చదివాను. హస్కీ చురుకైనదట, స్నేహశీలి అట. బీగిల్ ఉల్లాసానికి మారుపేరట. లాబ్రడార్ తెలివైనది, ఆహారప్రియం. పగ్ ఫ్లాట్లకు చక్కగా సరిపోతుంది. అన్నీ పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన సంబంధాల్లా ఉన్నాయి! పేరయ్య పచ్చి అబద్ధం ఆడడు. ఆయన దాటవేసిన సంగతులు ఆరా తీసుకోవలసింది మనమే.

అందుకు నాకు తెలిసిన దారి ఒకటుంది. ఆ జాతిని మొదట ఏ పని కోసం పెంచారో కనుక్కోండి.

హస్కీని సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగడానికి పెంచారు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపిస్తే, కుక్కల బండ్లు వంతులవారీగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుగెత్తి మందు చేర్చాయి. అలాంటి సత్తువ ఉన్న ప్రాణిని మియాపూర్‌లో మీ 9వ అంతస్తు బాల్కనీలో బడి వదిలేదాకా ఉంచితే ఆ సత్తువంతా ఎక్కడికి పోతుంది? సోఫా చిరుగుతుంది, తలుపు నిండా గోళ్ల గీతలు పడతాయి. పైగా దానికి రెండు పొరల బొచ్చు. ఊడే కాలం వచ్చిందంటే లోపలి పొర కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. దువ్వెన ఒక్కసారి లాగితే పిడికెడు వస్తుంది. ఫ్యాను వేయగానే అది లేచి మంచం కిందికి దొర్లుతుంది, ఆరేసిన బట్టలకు అంటుకుంటుంది, పెరుగు గిన్నెలోనూ తేలుతుంది. ఇక మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అది నాలుక చాపి వగరుస్తూ ఒంటి వేడిని దించుకోవాలి. రోజంతా ఏసీ వేస్తాం అంటారేమో, కరెంటు బిల్లు కట్టే మీ నాన్నను కూడా ఒక మాట అడగండి.

బీగిల్ ఇంగ్లండులో గుంపుగా కుందేళ్లను వాసన పట్టి తరిమిన వేటకుక్క. వాసన దొరికిందని గొంతెత్తి వేటగాడికి చెప్పడం దాని పని. మీ లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరి చేతిలోనో బిర్యానీ పొట్లం ఉంటుంది కదా. దీని ముక్కు నేలకు ఆనుతుంది, తోక నిటారుగా లేస్తుంది, ఆ తర్వాత మెడ సాచి ఒక దీర్ఘమైన కూత. ఆ క్షణంలో ఎంత ముద్దుపేరుతో పిలిచినా చెవికెక్కదు. దాన్ని మొండిది అంటారు కానీ, మనిషి చెప్పేదాకా ఆగకుండా వాసన వెంట పడేవాటినే తరతరాలుగా ఏరి పెంచారు. గుంపులో బతికిన జాతి కనుక మధ్యాహ్నమంతా ఒంటరిగా వదిలేస్తే ఏడుపు లంకించుకుంటుంది. పక్క ఫ్లాటువాళ్లు సొసైటీ సమావేశంలో ఏమంటారో ఊహించుకోండి.

లాబ్రడార్ అంటే నాకూ ఇష్టమే. నీళ్లలో పడ్డ బాతుల్ని వేటగాడికి తెచ్చి ఇచ్చిన జాతి, మనిషితో కలిసి పనిచేయడం దానికి సరదా. ఆ 'ఆహారప్రియం' సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు, కడుపు నిండిందని తెలిపే ప్రక్రియతో సంబంధమున్న ఒక జన్యువులో కొంత భాగం లోపించి ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. ఎంత తిన్నా జాలిగానే చూస్తుంది. అమ్మమ్మకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఇడ్లీలన్నీ దానికే.

పగ్‌కు పెద్దగా నడక అక్కర్లేదు, నిజమే. మనుషుల ముచ్చట కోసం నొక్కేసిన ఆ ముక్కుతో ఊపిరి తీసుకోవడానికే అది అవస్థ పడుతుంది. నాకు దాన్ని చూస్తే నవ్వు రాదు.

అయితే జాతి చెప్పేది కొంతే. 18,000కు పైగా కుక్కల వివరాలు సేకరించిన అమెరికా పరిశోధన ఒకటి 2022లో అచ్చయింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాలో దాదాపు 9 శాతమే జాతి వల్ల వస్తుందని అందులో తేలింది. మనిషి మాట వినే గుణాన్ని జాతిని బట్టి కొంత ఊహించవచ్చు గానీ, ఎంత తొందరగా చిరాకు పడుతుందో చెప్పడం కష్టం. కాబట్టి వర్ణన చదివాక ఆ కుక్కను స్వయంగా చూడాలి. పిల్లను కొంటే తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆశ్రయ కేంద్రంలో పెద్ద కుక్కను తెచ్చుకుంటే ఇంకా మేలు, దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. అక్కడ ఎక్కువగా మన దేశీ కుక్కలే ఉంటాయి. పొట్టి బొచ్చు, మన ఎండకు అలవాటు పడ్డ ఒళ్లు. దేశీ అయితే ఏ బాధా లేదని ఎవరైనా అంటే అదీ పేరయ్య మాటే. గుమ్మం ముందు కొత్త మనిషి కనిపిస్తే చాలు, వీధంతా వినిపించేలా మొరిగేవి వాటిలో బోలెడు.

రేబిస్ టీకా, నగరపాలక సంస్థ లైసెన్సు సంగతి నేను చూసుకుంటాను. మీరు ఒక కాగితం మీద రోజంతా రాసి తీసుకురండి. పొద్దున ఆరింటికి తిప్పేది ఎవరు, సంచి పట్టుకెళ్లి మలం ఎత్తేది ఎవరు, మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉండేది ఎవరు, దీపావళి రాత్రి టపాసులకు అది వణుకుతుంటే పక్కన కూర్చునేది ఎవరు, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు. ప్రతి దాని పక్కనా ఒక పేరు ఉండాలి. అన్నిటి పక్కనా అమ్మ పేరే రాసుకొస్తే మాత్రం చెల్లదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య