పళ్ళకు తీగా? తొడుగా?

గాజువాక,
విశాఖపట్నం.

పెద్దదానికి, చిన్నవాడికి తాతయ్య ఆశీస్సులు.

ఆదివారం మీ ఇంట్లో పళ్ళ డాక్టరు మాట, మీ వంకర పళ్ళకు తీగ కట్టే క్లిప్పులా, పళ్ళ మీద తొడిగే అలైనర్లా అన్న మాట ఎత్తగానే నలుగురూ ఒకేసారి మాట్లాడారు, మధ్యలో టీవీ కూడా. నేను చెప్పదలచుకున్నది నా దగ్గరే ఉండిపోయింది. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా బస్సులో దాన్నే నెమరు వేసుకుంటూ వచ్చాను. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒకటి ఒప్పుకోవాలి. ఉక్కు కర్మాగారం వైర్ రాడ్ మిల్లులో 27 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. తీగ అంటే నాకు పక్షపాతం. ఎర్రగా కాలుతూ చుట్టలు చుట్టలుగా వచ్చి పడే 5.5 మిల్లీమీటర్ల తీగను చూసిన కళ్ళకు, డాక్టరు చూపించిన అర మిల్లీమీటరు తీగ వెంట్రుకలా కనిపించింది. ఇది పన్నును కదుపుతుందా అని నాకూ అనుమానం వచ్చింది.

ఇనుమును వంచాలంటే బలం కావాలి. పన్ను సంగతి వేరు. అది ఎముకలో సిమెంటు పోసి పాతిన స్తంభం కాదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నార పొర ఉంటుంది. పన్నును మెల్లగా ఒక పక్కకు నెడుతూ ఉంటే, నొక్కుడు పడిన వైపు ఎముక కరుగుతుంది, ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పుడుతుంది. అలా నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. మరీ గట్టిగా నెట్టితే ఆ పొరకు రక్తం అందదు, పన్ను మొండికేస్తుంది, వేరు కొస అరిగే ప్రమాదం కూడా ఉంది. "తొందరగా అయిపోయేలా బిగించెయ్యండి" అని చిన్నవాడు అడిగినప్పుడు డాక్టరు నవ్వింది ఇందుకే. క్లిప్పులు వేసినా అలైనర్లు పెట్టినా లోపల జరిగేది ఇదే.

క్లిప్పులలో మొదట కట్టే మెత్తని తీగ సాధారణంగా నికెల్, టైటానియం కలిసిన లోహం. దాని పేరు నిటినాల్. ఆ పేరులోని చివరి ముక్క, అది పుట్టిన అమెరికా నౌకాదళ ప్రయోగశాల పేరు నుంచి వచ్చింది. 1970లలో జార్జ్ ఆండ్రీసన్ అనే దంతవైద్యుడు దాన్ని పళ్ళ మీదికి తెచ్చాడు. వంచితే పాత ఆకారానికి తిరిగి వెళ్ళాలని పట్టుబట్టడం దాని గుణం. వంకర వరసకు కట్టేస్తే, తాను తిన్నగా అవుతూ పళ్ళను వెంట లాక్కుపోతుంది. మీరు నిద్రపోతున్నా, పరీక్ష రాస్తున్నా, పోట్లాడుకుంటున్నా దాని పని అది చేస్తూనే ఉంటుంది. నెలకో నెలన్నరకో వెళ్ళి తీగ మార్పించుకుంటే చాలు.

అలైనర్లు వచ్చింది ఆ తరువాతే. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్న జియా చిష్తీ, కెల్సీ వర్త్ 1997లో పెట్టిన కంపెనీ ఇన్విజలైన్ పేరుతో వీటిని ప్రచారంలోకి తెచ్చింది. పళ్ళ అచ్చును కంప్యూటర్‌లో పెట్టి, చివరికి వరస ఎలా ఉండాలో చూసి, ఆ దారిని చిన్న చిన్న మెట్లుగా కోస్తారు. ఒక్కో మెట్టుకు ఒక్కో పారదర్శకమైన తొడుగు. ఒక్క తొడుగు పన్నును జరిపేది పావు మిల్లీమీటరు. వారానికో రెండు వారాలకో దాన్ని తీసి తరువాతి తొడుగు పెట్టుకోవాలి.

తినేటప్పుడు, తోముకునేటప్పుడు తీసెయ్యవచ్చు కనుక హాయి అని పెద్దది అంటోంది. ఆ హాయిలోనే చిక్కుంది, తల్లీ. రోజుకు 20 నుంచి 22 గంటలు తొడుగు నోట్లోనే ఉండాలి. మిగిలిన రెండు, నాలుగు గంటల్లోనే టిఫిను, భోజనం, బీచి రోడ్డులో ముంత మసాలా, మీ నానమ్మ కాఫీ, అన్నీ ముగించి, పళ్ళు తోముకుని మళ్ళీ పెట్టుకోవాలి. పెట్టుకుని తాగదగినది మంచినీళ్ళే. వేడినీళ్ళతో కడిగితే వంకరపోతుంది. మా పక్కింటి అబ్బాయి అరకు వెళ్ళినప్పుడు తొడుగును కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టాడు, ఎత్తేసినవాళ్ళు చెత్తలో వేశారు. నువ్వేమో ఈ ఏడాది మూడు నీళ్ళ సీసాలు పోగొట్టావు. మొదటి కొన్ని రోజులు శ, ష, స కూడా తడబడతాయి, పద్యాల పోటీ ఎప్పుడో చూసుకో.

ఇక చిన్నవాడా, నీ కోరపన్ను చిగురు పైకెక్కి కూర్చుంది. దాన్ని వరసలోకి దింపడం, మెలితిరిగిన పన్నును తిప్పడం, పళ్ళు తీసిన ఖాళీని మూసేటప్పుడు వేరుతో సహా నడిపించడం తొడుగుకు కష్టం. దానికి పట్టు దొరకదు. పన్ను రంగులో చిన్న బొడిపెలు అతికించి పట్టు తెప్పిస్తారు కానీ, ఇలాంటి చోట తీగదే పైచేయి. నీకు డాక్టరు క్లిప్పులే చెప్పారు, నాకూ అదే సబబనిపించింది. అక్కకు కింది ముందు పళ్ళు కొంచెం ఇరుకు, అంతే. తనకు రెండూ పనికొస్తాయి. అలైనర్లకు ఖర్చు ఎక్కువ, ఆ సంగతి నేనూ మీ నాన్నా చూసుకుంటాం.

క్లిప్పుల బాధలు దాచను. మొదటి వారం నొప్పి, బుగ్గ లోపల పుళ్ళు. గుచ్చుకునే చోట అద్దడానికి మైనం ఇస్తారు. తీగను క్లిప్పుకు పట్టి ఉంచే చిన్న రబ్బర్లు తెల్లవి వేయించుకుంటే మన కూరల్లోని పసుపు నాలుగు రోజుల్లోనే వాటిని పచ్చగా మార్చేస్తుంది, నీలం అడుగు. అన్నిటికన్నా పెద్ద చిక్కు తోముకోవడం. క్లిప్పు చుట్టూ పాచి నిలిస్తే పంటి మీద సున్నం చుక్కల్లా తెల్ల మచ్చలు పడతాయి. క్లిప్పులు తీశాక కూడా అవి ఉండిపోవచ్చు.

పెద్దది ఫోనులో చూపించిన ప్రకటన నాకు నచ్చలేదు. ఇంట్లోనే అచ్చు తీసి పంపితే తొడుగులు టపాలో వస్తాయట. ఎక్స్‌రే లేకుండా వేరును, ఎముకను చూసేది ఎవరు? అమెరికాలో అలా అమ్మిన ఒక పెద్ద కంపెనీ 2023 డిసెంబరులో మూతపడి, వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళను నడిదారిలో వదిలేసింది. బీడీఎస్ తరువాత మరో మూడేళ్ళు ఈ పనే చదివిన ఆర్థోడాంటిస్టు మన ఊళ్ళోనే ఉండగా టపా ఎందుకు?

ఇంకొకటి మీ నాన్నను అడగండి. చిన్నప్పుడు తనకూ క్లిప్పులు వేయించాం. తీసిన తరువాత, పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచడానికి పెట్టుకోమన్న రిటైనర్‌ను ఆరు నెలలు కూడా పెట్టుకోలేదు. కింది వరస మళ్ళీ ఒకదాని మీదకొకటి ఎక్కింది. మీరు ఏది వేయించుకున్నా రిటైనర్ తప్పదు.

శనివారం నేనూ వస్తాను. పెద్దదానా, ఆలోగా ఒక పని చెయ్యి. వారం రోజులు ఏదో ఒక చిన్న డబ్బా వెంట పెట్టుకుని తిరుగు. శనివారం అది నీ చేతిలో ఉంటే అలైనర్ల మాట డాక్టరుతో నేనే ఎత్తుతాను. చిన్నవాడా, క్లిప్పులతో గట్టివి కొరకకూడదని నానమ్మ చేగోడీల డబ్బా అటక మీదికి ఎక్కించి, నీ కోసం సున్నుండలు చుడుతోంది.

మీ తాతయ్య